ఎలూబె గోడలో పళ్ళెం

ట్రీజా మలుంగా సైకిల్ టాక్సీ దిగి, నడుముకు చుట్టుకున్న చితెంజే గుడ్డ మీది దుమ్ము దులుపుకుని తలెత్తింది. ఎదురుగా గడ్డి కప్పిన మట్టిల్లు. తలుపుకు ఎడమపక్క గోడలో మనిషి తలంత కన్నం. గాలి రాకుండా ఆ కన్నంలో నీలం అంచు పళ్ళెం ఒకటి బిగించి ఉంది. అంచున ఒకచోట పూత పెచ్చు ఊడి నల్లటి మచ్చ పడింది.

ఆ మచ్చ ఆమెకు తెలుసు. పదిహేనేళ్ళ కిందట, పద్నాలుగేళ్ళ వయసులో, దాని మీద బొటనవేలు ఆనించి ఆమె ఇక్కడే ఫోటోకు నిలబడింది.

"ఏంటి మేడం, కళ్ళు తిరిగాయా?" అన్నాడు వెంట వచ్చిన వైసన్. "సైకిలు అలవాటు లేనివాళ్ళకి అంతే. ఆస్పత్రి నర్సులు కార్లలో తిరుగుతారు గదా."

"నిండు నెలల వాళ్ళు సైకిలెక్కి వస్తే దించుకునే మనిషిని నేను. పద."

వైసన్ ఆ ఏడు దరఖాస్తు పెట్టిన ఎసినాతి అనే పిల్లకు మేనమామ. మా లొమ్వే తెగ ఇళ్ళలో పిల్లలు తల్లి వైపు వాళ్ళే గనక బడి సంగతులకు తిరగవలసింది మేనమామ.

ములంజే కొండ కింద ఆడపిల్లల చదువుకు సాయం చేసే సంఘం ఒకటి ఉంది. ఎనిమిదో తరగతి పాసై, ఆపైన చదివే దారి లేని పిల్లలను ఎంచుకుని నాలుగేళ్ళు హైస్కూలు చదివిస్తుంది. అలా చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు తర్వాత ముగ్గురేసి పిల్లలకు అక్కగా ఉండాలి. నెలకో ఆదివారం హాస్టలుకు వెళ్ళడం, మార్కులు చూడడం, ఎవరు ఏడుస్తున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో కనుక్కోవడం ఆ అక్కల పని. ఆగస్టులో కొత్త పిల్లల ఇళ్ళు చూసి రావడం కూడా వాళ్ళ పనే.

ట్రీజా జిల్లా ఆస్పత్రి ప్రసూతి వార్డులో నర్సు. ఎనిమిదేళ్ళలో పదకొండుమందికి అక్కయింది. పిల్లలు చాటున ఆమెను 'పాలిష్' అనేవాళ్ళు. సంచిలో బూట్ పాలిష్ డబ్బీ లేకుండా ఆమె ఎప్పుడూ రాలేదు. "బూట్లు మెరిస్తే మాస్టారు నీ ముఖం చూస్తాడు. లేకపోతే నీ చిరుగులు చూస్తాడు" అని ప్రతివాళ్ళకూ చెప్పేది. పదకొండుమందిలో ఒకతె టీచరయింది, ఒకతె తేయాకు కంపెనీలో గుమాస్తా అయింది, ఇద్దరు సైకిల్ టాక్సీ కుర్రాళ్ళతో లేచిపోయారు. ఆ ఇద్దరిలో ఒకతెను వెతికి పట్టుకుని మళ్ళీ తరగతి గదిలో కూర్చోబెట్టింది. సంఘం ఆఫీసు గోడకు ఆమె ఫోటో ఉండేది. దాతలు వచ్చినప్పుడు మొదట చూపించేది ఆ ఫోటోనే.

తను వచ్చిన ఊరికి తనే తనిఖీకి వెళ్ళకూడదని సంఘంలో నియమం. ఏటేటా మనిషిని మార్చడం కూడా నియమమే. ఈసారి రావలసినామె మలేరియాతో పడుకుంటే ట్రీజాను పంపారు. కాగితంలో ఊరి పేరు ముకుంబా అని ఉంది. ఆమె ఎప్పుడూ వినని పేరు. మా ఊళ్ళకు ఊరిపెద్ద పేరే పేరు. నాలుగేళ్ళ కిందట పెద్దరికం కోసం మేనమామ, మేనల్లుడు తగువులాడుకుని ఊరిని రెండు చేశారు. కొండవైపు సగానికి కొత్త పెద్ద పేరు వచ్చింది. ఆ సంగతి ఆఫీసుకూ తెలియదు, ట్రీజాకూ తెలియదు.

నిజానికి ఇది ఆమె ఊరు ఎప్పుడూ కాదు.

సంఘం కాగితంలో 'ఇంటి కప్పు' అని ఒక గడి ఉంటుంది. రేకులని రాస్తే ఆ కాగితం ముందుకు పోదని చుట్టుపక్కల అందరికీ తెలుసు. ట్రీజాకు తండ్రి లేడు. తల్లి తేయాకు తోటల నుంచి దగ్గుతో తిరిగి వచ్చి ఆరు నెలలకు పోయింది. మిగిలింది మేనమామ. ఆయన ఇంటికి రేకులు. ఒక ఏడు పొగాకు బాగా పండితే వేయించాడు. తర్వాత ఆ రేకుల కింద రెండు పూటలా పొయ్యి వెలిగిన రోజులు తక్కువ.

"రేకులు కొరుక్కు తింటున్నామనుకుంటున్నారా వీళ్ళు?" అని తిట్టుకుంటూ ఆయన ఆమెను గంటసేపు నడిపించి ఎలూబె ఇంటికి తెచ్చాడు. ఎలూబె మగదిక్కు లేని ముసలిది. ఇల్లు ఒక్కరోజు వాడుకోనిస్తే కప్పుకు కొత్త గడ్డి వేయిస్తానని మాట ఇచ్చాడు. "ఎవరడిగినా ఈవిడ మా అవ్వ అను. ఏడవద్దు. ఏడిస్తే మరీ అతిగా ఉంటుంది" అని మేనకోడలికి నేర్పాడు.

అలా దొరికిన చదువు ఆమెది. అలాంటి పని చేసింది లోకంలో తానొక్కతేనని ఆమె పదిహేనేళ్ళుగా అనుకుంటూ ఉంది.

ఇప్పుడు అదే ఎలూబె, ఇంకా వంగిపోయి, గుమ్మంలో చాప పరిచింది. పక్కన ఎసినాతి చేతులు కట్టుకుని నిలబడింది. ముసలిది ట్రీజాను గుర్తుపట్టలేదు.

"ఈ పిల్లకి నేను, నాకు ఈ పిల్ల," అంది. "మూడో మనిషి లేదమ్మా మాకు."

ట్రీజా చేతిలో పెన్ను ఆగింది. అవే మాటలు. 'మూడో మనిషి' దగ్గర మూడు వేళ్ళెత్తి, ఒక్కొక్కటే ముడవడం కూడా అదే.

"ఏం తిన్నారు ఇవాళ?"

"నిన్నటి కందులు ఉడకబెట్టుకున్నాం. నేను పెట్టుకోలేదు, పిల్లకే పెట్టా."

అది కూడా అదే. ట్రీజా ఏదో ఒకటి అడగాలని గోడవైపు చూపించింది.

"ఆ కన్నం మూసుకోకూడదా అవ్వా? రెండు దోసిళ్ళ మట్టి చాలు గదా."

ముసలిది వైసన్ వైపు చూసింది. "మట్టి దొరకద్దూ," అంది. వాళ్ళు నిలబడిన చోటు నుంచి కొండ దాకా ఎర్రమట్టే.

అంతలో తలమీద నీళ్ళ బకెట్టుతో పదిహేనేళ్ళ పిల్ల ఒకతె ఇంటి వెనక నుంచి వచ్చింది. చాప మీద కొత్త మనిషిని చూసి, ఎవరూ ఏమీ అనకముందే, బకెట్టు దించకుండా వెనక్కి తిరిగింది.

"ఎవరా పిల్ల?" అంది ట్రీజా.

"పక్కింటిది."

పదిహేనేళ్ళ కిందట ఎలూబె వీపున గుడ్డలో ఒక పసిబిడ్డ ఉండేది. ఆనాటి తనిఖీ ఆవిడ ఎవరి బిడ్డని అడిగితే ముసలిది ఇదే మాట అంది. చుట్టూ చూస్తే దగ్గరలో పక్కిల్లు అన్నది లేదు. అప్పుడూ లేదు.

ట్రీజా కాగితాలు సంచిలో పెట్టేసింది.

"వైసన్, పిల్లను తీసుకుని ఆ మామిడి చెట్టు దగ్గర కూర్చో. పిలిస్తే రా."

"ఏమైనా తేడా వచ్చిందా మేడం? పిల్ల సరిగా నిలబడలేదా?"

"వెళ్ళమన్నానా?"

వాళ్ళు వెళ్ళాక ఆమె లేచి పళ్ళెం మచ్చ మీద బొటనవేలు పెట్టింది. "అవ్వా, నన్ను ఇక్కడ నిలబెట్టారు. మా మామ నీ కప్పుకు గడ్డి వేయించాడు. నేను ట్రీజాని."

ఎలూబె ఆ వేలు వంక, తర్వాత ఆమె ముఖం వంక చూసింది.

"గడ్డి సగమే వేశాడు మీ మామ," అంది. "అయితే చదువు వచ్చిందా నీకు? వృథా పోలేదు గదా?"

"నా తర్వాత ఇంకెవరన్నా వచ్చారా?"

"నీతో కలిపి ఏడుగురు. ఈ పిల్ల ఎనిమిదోది."

ట్రీజా మళ్ళీ చాప మీద కూర్చుంది.

"ప్రతిసారీ కొత్త మనిషి వస్తుంది తనిఖీకి," ముసలిది మామూలుగానే చెప్పుకుపోయింది. "నా అసలు పేరు రాసింది మీ మామ ఒక్కడే. తర్వాతి మామలు మార్చి రాసుకుంటారు. ఒక ఏడు ఎనిఫా అని, ఒక ఏడు డొలోఫినా అని. నాకు చదువా పాడా? పోయేటప్పుడు ఒక గంప పిండో, సబ్బు కడ్డీయో ఇచ్చిపోతారు. ఆ కన్నం మాత్రం మూయొద్దంటారు. మూస్తే ఎవరు నమ్ముతారమ్మా?"

"పదిహేనేళ్ళుగా ఆ గాలిలో పడుకుంటున్నావా?"

"పళ్ళెం ఉందిగా."

"ఆ నీళ్ళ పిల్ల ఎవరు అవ్వా?"

ఇంటి మూల నుంచి గొంతు వచ్చింది.

"నేను పక్కింటి పిల్లనే మేడం. ఎవరొచ్చినా ఆ రోజుకి నేను పక్కింటి పిల్లనే."

ఆమె ఫైనెస్. ఎలూబె కూతురి కూతురు. తల్లి కాన్పులోనే పోతే పుట్టిన నాటి నుంచి అవ్వ దగ్గరే పెరిగింది. రెండేళ్ళ కిందట ఎనిమిదో తరగతిలో బడికంతా మొదటిదిగా వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లోనే ఉంది.

"నువ్వెందుకు పెట్టలేదు దరఖాస్తు?" అంది ట్రీజా.

"పెట్టాను. మా హెడ్మాస్టరే నింపారు. ఉన్నది ఉన్నట్టు, అవ్వ అసలు పేరుతో." ఫైనెస్ లోపలికి వెళ్ళి, మడతలు నలిగిన కాగితం తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది. "చదువుకోండి."

సంఘం ముద్ర ఉన్న ఉత్తరం అది. ఎలూబె ఇంటి నుంచి ట్రీజా మలుంగా అనే బాలికకు ఇదివరకే సాయం అందింది, ఒక ఇంటికి ఒకరే అన్న నియమం వల్ల ఈ దరఖాస్తును తీసుకోలేకపోతున్నాము అని ఉంది.

ట్రీజా ఆ వాక్యం రెండోసారి చదవలేకపోయింది. ఎనిమిదేళ్ళ నర్సు ఉద్యోగంలో పని ఆపి ఏడ్చిన రోజు లేదు ఆమెకు. ఇప్పుడూ ఏడుపు రాలేదు.

"ట్రీజా మలుంగా ఎవరో అని రెండేళ్ళుగా ఆలోచిస్తున్నా," అంది ఫైనెస్. "నాకు ముందు పుట్టి చచ్చిపోయిన అక్క ఎవరన్నా ఉందేమో అనుకున్నా. అవ్వనడిగితే చెప్పదు. మీరు ఆఫీసులో కనుక్కుని చెప్పగలరా?"

"నేనే."

ఫైనెస్ ఆమె ముఖం చూడలేదు. కిందికి, ఆమె కాళ్ళ వైపు చూసింది.

"బాగా మెరుస్తున్నాయి బూట్లు," అంది. బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఎలూబె గిన్నెలో ఉడికిన కందులు తెచ్చి పెట్టింది. "తిను, ముఖంలో నెత్తురు లేదు. దానికి కోపం ఎక్కువ, వాళ్ళమ్మ లాగే. నీ మీద కాదు, కాగితం మీద."

ట్రీజా గిన్నె పక్కన పెట్టి, ఆ ఉత్తరం సంచిలో పెట్టుకుని లేచింది. తిరుగుదారిలో ఎసినాతి అసలు ఇల్లు చూపించమంది. వైసన్ నసిగాడు, దేవుడి మీద ఒట్టేశాడు, చివరికి తీసుకెళ్ళాడు. రేకుల ఇల్లు. లోపల రెండు చాపలు, ఒక కుండ. ఆమె కాగితం మీద 'రేకులు' అని రాసి, కింద ఆ రెండు చాపలూ కుండా కూడా రాసింది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి పాత రిజిస్టరు తెమ్మంది. అధ్యక్షురాలు మిసెస్ మతియా టీ పోయించింది. ట్రీజా తన పేరున్న పేజీ తీసి వేలు పెట్టింది.

"ఇది అబద్ధం మేడం. నేను ఆ ఇంటి పిల్లను కాను."

"పొద్దున్నే హాస్యాలా? తాగు, చల్లారుతుంది."

"ఆ ఇంటి అసలు పిల్ల ఫైనెస్. నా పేరు అడ్డం ఉందని మీరే ఉత్తరం రాశారు." ఆమె ఆ ఉత్తరం బల్ల మీద పెట్టింది.

మిసెస్ మతియా చేతిలో కప్పు అలాగే గాలిలో ఉండిపోయింది. "నీ ఫోటో చూపించి గదే నేను అందరినీ చందాలు అడిగేది! పదిహేనేళ్ళు! ఒక్క ముక్క చెప్పలేదు నాతో!"

"చెబితే చదివించేవాళ్ళు కాదు గదా."

"ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్పావు? ఆ పిల్ల సంగతి నాతో చెవిలో చెబితే ఏదో ఒకటి సర్దేదాన్ని."

"సర్దితే ఆ పిల్ల కూడా నాలాగే బతకాలి మేడం. నా పేరు కొట్టేయండి."

అధ్యక్షురాలు ఎర్ర పెన్ను మూత తీసింది. "మరి అప్పటి నీ అసలు ఇల్లు ఏది?"

"మా మామ ఇల్లు. రేకులు."

"రేకుల ఇల్లయితే నీకు ఇచ్చేవాళ్ళమే కాదు."

"అందుకే గదా మేడం అక్కడికి వెళ్ళింది."

ఇలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారని మిసెస్ మతియా అడిగింది. ట్రీజా తన సంగతి మాత్రమే చెబుతానంది. మిగతా ఆరుగురిలో నలుగురు అప్పటికి ఇంకా బడిలోనే ఉన్నారు.

ఎర్ర గీత పడింది. ఆ ఇంటి వంతు ఖాళీ అయింది. సెప్టెంబరులో ఫైనెస్ హైస్కూల్లో చేరింది. ట్రీజాను అక్కల జాబితా నుంచి తీసేశారు. ఆమె ముగ్గురు పిల్లలనూ వేరే ఆమెకు అప్పగించారు. గోడ మీది ఫోటో దించారు. ఎసినాతి కాగితం కొట్టేశారు. అక్కడ గడిలో రేకులు ఉన్నాయి. ఆ పిల్ల ఇప్పుడు ఊరి డే స్కూలుకు వెళుతోంది. ఫీజు ఎవరు కడుతున్నారని వైసన్‌ను అడిగితే దేవుడంటాడు. ఆ దేవుడు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు అదనంగా వేయించుకుంటున్న సంగతి వార్డులో అందరికీ తెలుసు.

ఫైనెస్ ట్రీజాతో ఇప్పటికీ పెద్దగా మాట్లాడదు. మొదటి టర్ము సెలవులకు వచ్చినప్పుడు ఆస్పత్రి గేటు దగ్గర ఆగి, మార్కుల కాగితం వాచ్‌మన్ చేతికి ఇచ్చి, "పాలిష్ అక్కకి ఇవ్వండి" అని వెళ్ళిపోయింది. ఆ పేరు ఆమెకు హాస్టల్లో ఎవరో చెప్పి ఉంటారు.

హాస్టలుకు ఎవరి పళ్ళెం వాళ్ళే తెచ్చుకోవాలి. ఫైనెస్ బయలుదేరే రోజు గోడలోంచి నీలం అంచు పళ్ళెం పీకి, కడిగి, పెట్టెలో పెట్టుకుంది. కన్నాన్ని ఎర్రమట్టితో పూడ్చింది. అరగంట పట్టలేదు.

మా వైపు జూన్ అంటే చలికాలం. ఈ జూన్‌లో పక్క ఊరి నుంచి నేను వెళ్ళేసరికి ఎలూబె ఎండలో కందులు చెరుగుతోంది. వారం కిందట కొత్త మామ ఒకడు వచ్చి ఇల్లు అడిగాడట, ఒక్కరోజుకి. గోడ చూసి ముఖం వేలాడేశాడట.

"ఆ కన్నం మళ్ళీ పొడుస్తావా అవ్వా, వాళ్ళు వచ్చిపోయాక నేనే పూడుస్తా అన్నాడు," అంది ముసలిది, చేట ఆపకుండా. "మీ ఇంటికి పోయి మీ గోడ పొడుచుకోరా అన్నాను. ఇన్నాళ్ళకి ఈ చలికాలమే గదా నాకు కాస్త నిద్ర పడుతోంది."