గుమ్మం దగ్గర పెట్టిన కంచం

ఎర్ర మరక చూసిన రోజు నాకు భయం వేయలేదు, చిరాకేసింది. నెలసరి ఆగి రెండేళ్ళయింది, మళ్ళీ ఇదేమిటి? "ఈ వయసులో అలాగే ఉంటుందేమోలే" అన్నారు మావారు, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా. "మీకెప్పుడైనా వచ్చిందా, చెప్పడానికి?" అన్నాను. సాఫ్ట్‌వేర్ జోరుమీదున్న రోజులవి. మేమున్న ఈ పరాయి దేశంలో, సైన్స్ పార్క్‌లో ఆయన ఆఫీసుకి తీరికనేదే లేదు. క్లినిక్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను.

పాప్ స్మియర్, బయాప్సీ, ఎమ్మారై. సర్వైకల్ క్యాన్సర్, అంటే గర్భసంచి మూతి దగ్గర; స్టేజ్ టూ బీ. ముందు బయటి నుంచి రేడియేషన్, వారానికోసారి కీమో. విరేచనాలు, నీరసం. బ్లడ్ కౌంట్ పడిపోయి ఒక కీమో ఆపేశారు కూడా. తర్వాత బ్రాకీథెరపీ అన్నారు. మత్తిచ్చి, గర్భసంచిలోకి సన్నటి గొట్టం అమర్చి, అందులోంచి రేడియేషన్ గింజను గడ్డ దగ్గరికే పంపడం.

"ఇదివరకు అందరికీ ఇంచుమించు ఒకే ప్లాన్. ఇప్పుడు గొట్టం పెట్టాక ఎమ్మారై తీసి, మీ గడ్డ ఆకారాన్ని బట్టి డోస్ వేస్తాం. బ్లాడర్‌కీ పేగుకీ తక్కువ తగులుతుంది" అన్నారు డాక్టరమ్మ.

గింజ వచ్చే ముందు అందరూ బయటికి వెళ్ళిపోయారు. మందపాటి తలుపు మూసుకుంది. "ఆంటీ, ఓకే ఆ? డోంట్ మూవ్" అని స్పీకర్లో ఓ అమ్మాయి గొంతు. వాదించడానికి కూడా ఎదురుగా మనిషి లేకపోతే ఎలా ఉంటుందో అక్కడ తెలిసింది.

యూ టీ పేటలో మా ఫ్లాట్‌కి వచ్చాక ఇంకా తెలిసింది. పడకగది గుమ్మం దగ్గర నాకు విడిగా కంచం, గ్లాసు. మావారి పరుపు హాల్లోకి వెళ్ళింది. మా అమ్మాయి హరిణి గుమ్మం బయటే ఆగిపోయి, ఇక్కడి బడిపిల్లల ఇంగ్లీషు కలిపి అంది. "అమ్మా, హగ్ కెనాట్ లా. నీలోంచి రేడియేషన్ వస్తుందంట, డాడీ చెప్పారు."

పెళ్ళయిన కొత్తలో అత్తగారు నన్ను నెలకు మూడ్రోజులు వసారాలో కూర్చోమంటే, కూర్చోనని పోట్లాడి వంటింట్లోకి నడిచినదాన్ని నేను. ఈసారి నోరెత్తలేదు. పిల్లకేమవుతుందోనని తలుపు నేనే దగ్గరికి వేసుకున్నాను. వారం పాటు నా కంచం నేనే కడుక్కున్నాను.

రెండో బ్రాకీకి వెళ్తే, "ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగారు డాక్టరమ్మ.

"ఎవరూ ముట్టుకోరు. రేడియేషన్ కదా."

ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "గింజ పని అవగానే మెషీన్లోకి తిరిగి వెళ్ళిపోయింది. మీ ఒంట్లో ఏమీ లేదు. పాత పద్ధతిలో గింజల్ని లోపలే ఉంచి, పేషెంట్‌ని రోజుల తరబడి విడి గదిలో ఉంచేవాళ్ళు. అది విని ఉంటారు."

"మావారిని పిలిచి మీరే చెప్పండి. నేను చెబితే వాదన అంటారు."

డాక్టరమ్మ మాట విన్నాక మావారు నసిగారు. "ఇంటర్నెట్‌లో అలాగే రాసుంది..."

"పొద్దస్తమానం సాఫ్ట్‌వేర్ అంటారు, ఏ వెర్షనో చూసుకోరా?" అన్నాను.

ఆ సాయంత్రమే హరిణి నా పక్కలోకి దూరింది, కాలు నా మీద వేసి.

ఇప్పుడు స్కాన్లు క్లియర్. చెకప్‌లకు వెళ్తున్నాను. యోని ఇరుకైపోకుండా డైలేటర్ వాడమన్నారు, వాడుతున్నాను. ఆ సంగతి చెప్పుకోవడానికి మాత్రం ఇంట్లో మనిషి లేరు. మావారి పరుపు ఇంకా హాల్లోనే ఉంది. "అలవాటైపోయింది" అంటారు.

మీకు బ్రాకీథెరపీ అన్న రోజే ఇంట్లోవాళ్ళని డాక్టర్ ఎదురుగా కూర్చోబెట్టి, "ఇంటికొచ్చాక ఈమెని ముట్టుకోవచ్చా?" అని అడిగించండి. జవాబు వాళ్ళ చెవులతో వాళ్ళే వినాలి. ఒక్క వారం ఆలస్యమైతే ఏమవుతుందో మా హాల్లో ఆ పరుపునడగండి.