పెద్దవాళ్ల ఫైలు ముందు

ఆఫీసులో ఆమెకి పెట్టిన పేరు భూతద్దం. టీలో ఈగ కనిపిస్తే, అది పడిందా, ఎవరైనా వేశారా అని ఆలోచించే మనిషి. "మా కోడలు వానొచ్చినా మబ్బుని సాక్ష్యం అడుగుతుంది" అని అత్తగారి ఎగతాళి. ఏడాదేడాదికీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని కాంట్రాక్టు మనిషికి అనుమానం కాక ఇంకేం మిగులుతుంది?

అబ్జర్వేటరీలో టెలిస్కోప్ నడపడం ఆమె పని. రాత్రి సగం పర్మనెంట్ ఆపరేటర్‌ది, సగం ఆమెది. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరి ఫైళ్లనీ ఒకటిగా కలిపేదీ ఆమే. నల్లటి తెర మీద ఒక కమాండ్, దాని వెనక ఫైళ్ల పేర్లు, ఆపైన ఎంటర్. చుక్కల వెలుగు లెక్కలన్నీ ఒకే ఫైలులోకి చేరిపోతాయి. ప్రతి ఫైలుకీ నెత్తిన మూడు ముక్కలుంటాయి: ఏ టెలిస్కోపు, ఏ చుక్క, చూసిందెవరు.

ఈ ఏడు కొత్త రూలొచ్చింది. కలిపిన ఫైళ్ల మీద పేరున్నవాళ్లకే కాంట్రాక్టు పొడిగింపు. గుమాస్తా కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు. ఒక్క ఫైలు మీదా ఆమె పేరు లేదు. అన్నిటి మీదా పర్మనెంట్ ఆపరేటర్ పేరే.

"శుక్రవారంలోగా తేల్చుకోండమ్మా" అన్నాడు.

ఆమె అనుమానం తిన్నగా ఆ ఆపరేటర్ మీదకే వెళ్లింది. ఆయన్ని 'అన్నయ్యా' అని పిలుస్తుంది గానీ, కాంట్రాక్టు వాళ్లందరికీ ఆయన తాళంకప్ప, నోరు తెరవడు. ఆమె గదిలోకి రాగానే తెర మీద ఏదో మూసేస్తాడు. మొన్న పాస్‌వర్డ్ మార్చాడు. నిన్న, ఎన్నడూ లేనిది, అరటిపండు సగం తుంచి పెట్టాడు. పాస్‌వర్డ్ కన్నా ఆ అరటిపండే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

"తాళం వేసేది దాచడానికేగా" అంది అత్తగారు.

వెల్డింగ్ షాపు నుంచి అప్పుడే వచ్చిన మొగుడు చేతులు కడుక్కుంటూ, "అడిగెయ్. మగ్గబెడితే కాయ పండుతుంది, మాట కుళ్లుతుంది" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అడిగేసింది.

"అన్నయ్యా, నా పేరెవరు తీసేశారు?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. అదీ ఆమెకి అనుమానంగానే తోచింది.

"కలిపేది నువ్వు. నన్నడుగుతావేంటి?"

"కలిపాక మీ చేతికేగా వచ్చేది."

"అయితే నా కళ్లముందే కలుపు."

కూర్చుంది. అలవాటుపడ్డ వేళ్లు ఆయన ఫైలు పేరు ముందు కొట్టాయి, తనది తర్వాత. ఆ కుర్చీలో అంతకుముందు పనిచేసినావిడ మొదటిరోజే నేర్పింది: "పెద్దవాళ్ల ఫైలు ముందు పెట్టమ్మా, మనది తర్వాత. లెక్కలు టైము ప్రకారం అవే సర్దుకుంటాయి." ఆ గదిలో మంచి కుర్చీకైనా, ఫ్యాను గాలికైనా అదే వరస.

ఎంటర్ కొట్టి తెరిచి చూసింది. పైన ఆయన పేరొక్కటే. ఎవరి చెయ్యీ పడలేదు.

తర్వాత అది చెరిపేసి, తన ఫైలు ముందు పెట్టి మళ్లీ కలిపింది. ఈసారి ఆమె పేరుంది, ఆయనది మాయం. మొదటి ఫైలు నెత్తినున్న ముక్కలే ఆ ప్రోగ్రామ్ ఉంచుకుంటుంది. తర్వాత వచ్చినవాటి నుంచి అంకెలు మాత్రం తీసుకుంటుంది. ఇన్నాళ్లూ మర్యాద అనుకుని తన పేరు తనే తుడిచేసుకుంది.

సిగ్గేసింది. ఆ వెనకే ఇంకో అనుమానం లేచింది.

"మీకిది తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

"ఎవరూ అడగలేదుగా."

"నేను రాగానే మూసేస్తారే, అదేంటి?"

"అది పేకాట, తల్లీ."

ప్రోగ్రామ్‌కి పెద్దా చిన్నా తెలియవు. ఆ వరస నేర్పింది మనుషులు. దానివల్ల లాభం పొందినవాడు నోరు మూసుకున్నాడు, అంతే. దొంగతనం కన్నా ఇది సులువు, చేతికి మట్టంటదు.

"పాతవాటన్నిటి మీదా ఇద్దరి పేర్లూ రాస్తాను. ఆఫీసుకి పంపడం మీ లాగిన్ నుంచే అవుతుంది. మీరు పంపాలి" అంది.

"పైవాళ్లడిగితే ఏం చెప్పను?"

"ఇద్దరం చేశామని చెప్పండి. నిజమే కాబట్టి గుర్తుపెట్టుకోవడం కూడా తేలిక."

ఆయన తలుపు వైపు చూశాడు, కీబోర్డు వైపు చూశాడు. ఆమె పేర్లు రాయడం పూర్తయ్యాక, ఒక చెయ్యి అడ్డం పెట్టి పాస్‌వర్డ్ కొట్టాడు. ఆమె కుర్చీ ఆయన పక్కకి లాక్కుంది.

"నువ్వెళ్లమ్మా, పంపేస్తాగా."

"పంపండి, చూస్తాను."

"నమ్మకం లేదా?"

"ఉందన్నయ్యా. తీరిక కూడా ఉంది."

ఆఖరి ఫైలు వెళ్లేదాకా లేవలేదు. అక్కణ్నుంచి నేరుగా గుమాస్తా దగ్గరికి నడిచింది. ఆపరేటర్ పేరు పక్కన తన పేరు అక్కడా కనబడ్డాకే ఊపిరి వదిలింది. గుమాస్తా పొడిగింపు కాగితం మీద ముద్ర కొడుతుంటే, వంగి అందులో ఏడాది సరిగ్గా పడిందో లేదో చూసింది.