ఎస్తేరు సైకిలుకు ఎర్రదీపం

శనివారం పొద్దున ఎనిమిది గంటలకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాను. సంచిలో రెండు చీరలు, బైబిలు, పాటల పుస్తకం, చెల్లెలికి ఇష్టమని మరలో ఆడించిన రాగిపిండి ఉన్నాయి. ఏ వస్తువు కోసం ప్రయాణం పెట్టుకున్నానో అది మాత్రం ఇంకా దొరకలేదు. అది సైకిలు వెనుక బిగించే ఎర్రదీపం. చార్జింగు పెట్టే రకం కాదు, సెల్లులు మార్చుకునే రకం.

మా చెల్లెలు ఎస్తేరు కాపురం కుప్పంలో. ఊరు దాటాక వి.కోట దారిలో ఉన్న పాల కేంద్రంలో తను పాలు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. పల్లెల నుంచి క్యాన్లు తెల్లవారకముందే వస్తాయి కాబట్టి తను చీకటితోనే సైకిలెక్కాలి. మా అమ్మానాన్నలు జీవితమంతా కూలికి పోయినవాళ్లు. నెలజీతం అన్న మాట మా ఇంట్లో వినిపించింది మా అక్కచెల్లెళ్లతోనే. నేను మదనపల్లెలో ఆడపిల్లల హాస్టలులో వార్డెన్‌ని.

రెండు నెలల కిందట ఒక వేకువన ఎస్తేరు సైకిలు దీపం వెలగలేదు. ఆ దారిలో రాళ్ల లారీలు తిరుగుతాయి. ఒకటి మరీ దగ్గరగా వచ్చేసరికి తను పక్క కాలువలో పడింది. ఎడమ మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది, అందుకు దేవునికి స్తోత్రం. దీపం చార్జింగుది. ముందురోజు సాయంత్రం వాళ్లింట్లో కుటుంబ ప్రార్థన జరిగింది. పాటలకు వాయించే కీబోర్డు పెట్టెకు కరెంటు కావాలని ఎవరో గోడ ప్లగ్గులో ఉన్న దీపం చార్జరు పీకారు. పాటలయ్యాక దాన్ని మళ్లీ ఎవరూ పెట్టలేదు. పీకిందెవరని ఎవరూ అడగనూ లేదు.

కట్టు విప్పిన రోజు ఎస్తేరు ఫోన్ చేసింది. "అక్కా, మా అత్త పని మానెయ్ అంటాండాది. మీ మరిది గూడా ఆమె మాటే. సోమవారం పోకుంటే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. చార్జింగు అక్కరలేని లైటొకటి తీసుకోని రాక్కా. అది సూపిస్తేనన్నా పంపిస్తారేమో."

శుక్రవారం సాయంత్రమే మదనపల్లెలో సైకిలు దుకాణాలు తిరిగాను. మొదటి దుకాణదారుడు అద్దాల పెట్టె నిండా చూపించాడు, అన్నీ చార్జింగువే. "ఇప్పుడు సెల్లులవి అడిగేదెవురమ్మా? ఫోను పెట్టినట్ల రాత్రి పెడితే సాలు" అన్నాడు. ఆ 'పెడితే' దగ్గరే కదా మా కథ చెడింది! రెండో దుకాణంలో చిన్న రబ్బరు దీపం దొరికింది. ముచ్చటగా ఉంది కానీ దానికి గుండ్రటి బిళ్ల సెల్లు కావాలి. బస్టాండు చుట్టూ కొట్లలో ఆ బిళ్ల అడిగి చూశాను. చేతిగడియారాలు బాగుచేసే చోట తప్ప ఎక్కడా లేదు. మదనపల్లెలోనే ఇట్లా ఉంటే కుప్పం శివార్లలో ఎవరిస్తారు? అప్పుడే నా మనసులో ఒక నియమం పెట్టుకున్నాను. షాంపూ పొట్లాలమ్మే కొట్టులో కూడా దొరికే సెల్లు, అంటే టీవీ రిమోటులో వేసే సన్న సెల్లు పట్టే దీపమే కొనాలి. ఈ వెతుకులాటలో మీరూ పడితే ముందు సెల్లు చూసుకోండి, దీపం తరువాత.

బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా చీటీ ఇచ్చారు. దేవుడు ఎవరి చేత ఏ మేలు చేయిస్తాడో అనుకుంటూ కిటికీ పక్కన కూర్చున్నాను. టమోటా బుట్టల లారీలను తప్పించుకుని బస్సు ఊరు దాటింది. పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ముక్కుకు రెండువైపులా పుడకలు, ఒడిలో కనకాంబరాల పొట్లం. పేరు నాగరత్నమ్మ, చౌడేపల్లె దగ్గర రైతు కుటుంబం.

"యాడికమ్మా పోతాండావు?" అంది.

"కుప్పానికమ్మా. పుంగనూరులో దిగి సైకిలుకు లైటు కొనాల."

"సైకిలుకా! మా ఇంట్లో ఆవుల కాడుండే వాడికే మోటారు బండి ఉండాది. ఈ కాలంలో సైకిలు తొక్కే మారాజు ఎవురమ్మే?"

"మారాజు కాదు, మా చెల్లెలు" అని జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. పొట్లం విప్పి రెండు మూరల పువ్వులు తుంచి నా చేతిలో పెట్టింది.

"మీ చెల్లెలికియ్యి. పుంగనూరు బజార్లో మా ఊర్లో పాలు పోసేవోళ్లు సైకిలు సామాన్లు కొనే అంగడి ఒకటుండాది, పెయింటు డబ్బాల అంగడి పక్కన. ఆడ అడుగు. నేను మా గంగమ్మకు గూడా ఒక మాట సెప్తాలే. మీ దేవుడేం అనుకోడు కదా?"

"మంచి మనసుతో అన్న మాట ఆయన తోసెయ్యడులేమ్మా" అన్నాను. నా విశ్వాసం నాకు గట్టిదే. అయినా ముక్కూముఖం తెలియని నా చెల్లెలి కోసం ఒకామె పువ్వులు తుంచిన తరువాత కృతజ్ఞత తప్ప నా దగ్గర మరేముంటుంది?

తొమ్మిది దాటాక పుంగనూరులో దిగాను. ఇడ్లీలు తిని, ఆమె చెప్పిన అంగడికి వెళ్లాను. పెయింటు డబ్బాల గుర్తు పనిచేసింది. అంగడాయన పై అరలోంచి దుమ్ము పట్టిన పెట్టెలు రెండు దించాడు. రెండూ సన్న సెల్లులవే. ఎవరి ముందు కూర్చున్నానో మరిచి "స్తోత్రం" అని గట్టిగానే అన్నాను.

"ఇంకా రేటు సెప్పలా కదమ్మా" అన్నాడాయన.

ఒకటి పెద్దది, బాగా వెలుగుతుంది. కానీ సెల్లులు మార్చాలంటే స్క్రూడ్రైవరు కావాలి. చీకట్లో నడిరోడ్డు మీద మా ఎస్తేరు స్క్రూడ్రైవరు ఎక్కడ వెతుకుతుంది? రెండోదాని మూత గోటితో లాగితే వస్తుంది. మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉంది, వాన నీరు దిగదు. నిలకడగానూ వెలుగుతుంది, మిణుకుమిణుకుమంటూనూ వెలుగుతుంది. దాన్ని సీటు కింద కడ్డీకి బిగించాలని పెట్టె మీద బొమ్మ ఉంది.

"ఆమె వెనక క్యారియరు మీద అన్నం సంచి పెట్టుకుంటాది. సీటు కింద పెడితే సంచి మాటున పడదా?" అని అడిగాను.

"అయితే మడ్‌గార్డుకు బిగించుకోమ్మా, క్లిప్పు ఇస్తా" అని వెతికి ఇచ్చాడు. దీపం వెలిగించి కౌంటరు కింద నీడలో పెట్టమన్నాను. నేను వెళ్లి వీధికి అవతల నిలబడి చూశాను. "ఏందప్పా, ఆయమ్మ మొగుడు వదిలిపోయినట్ల దూరంగా నిలబడి సూస్తాండాది" అని పక్క అంగడివాళ్లెవరో అన్నారు. అననీ. ఎర్రచుక్క పట్టపగలే కనిపించింది.

"పెట్టెలో వచ్చిన సెల్లులు ఉండాయి. ఇంకో జత ఇమ్మంటారా?" అన్నాడు అంగడాయన.

"ఏ కొట్టులోనైనా దొరికే సెల్లులే కదా! కుప్పంలో తీసుకుంటాలే" అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

పదకొండుకు కుప్పం బస్సు దొరికింది. పలమనేరులో టీ తాగేంతసేపు ఆగింది. వి.కోట దాటాక రాళ్ల లారీలు ఎదురవడం మొదలైంది. ఒక్కోదాని మీద ఇల్లంత బండ, గొలుసులతో కట్టి. పాల కేంద్రం కనిపించింది. ఇంకాస్త ముందు, రోడ్డు వంగిన చోట, ఎస్తేరు పడిన కాలువ. సంచిలో చెయ్యి పెట్టి దీపాన్ని పట్టుకుని కూర్చున్నాను.

రెండున్నరకు ఎస్తేరు ఇల్లు చేరాను. తన చెయ్యి సన్నబడింది కానీ వేళ్లు బాగానే ముడుస్తోంది. మరిది యోహాను "వందనాలు వదినా" అంటూ సంచి అందుకున్నాడు. పువ్వులు ఎస్తేరుకిచ్చి, దీపం వాళ్ల అత్త దానమ్మ ముందు పెట్టాను. ఆమె చేత్తో ముట్టుకోలేదు.

"దీపమే లారీని ఆపుతాదా?" అంది.

"లారీని ఆపదత్తా. మనిషుండారని డ్రైవరుకు సెప్తాది" అన్నాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆరాధనకు అందరికంటే ముందు వచ్చే మనిషి, పాటెత్తితే సంఘమంతా అందుకునే గొంతు. అటువంటిది రెండు నెలలుగా ప్రార్థనలో నోరు విప్పడం లేదని ఎస్తేరు గుసగుసగా చెప్పింది.

ఆదివారం ఆరాధన తరువాత, ఎస్తేరు చెయ్యి బాగైనందుకు ఇంట్లోనే కృతజ్ఞతా ప్రార్థన పెట్టారు. బల్ల మీద బైబిలు, దాని పక్కన మా దీపం. యోహాను దాన్ని వెలిగించి పెట్టాడు. వచ్చినవాళ్లంతా చేతుల్లోకి తీసుకుని చూశారు, మిణుకులు మార్చి చూశారు, పిల్లల ముఖాల మీద వేసి నవ్వించారు. పాటలు, సాక్ష్యాలు, పాయసం. ఆ సందడిలో దీపం సైకిలు మడ్‌గార్డు మీదికెక్కింది. దాన్ని ఆర్పామా లేదా అని ఎవరమూ చూడలేదు. కొట్టుకు వెళ్లి సెల్లులు తెచ్చే సంగతి నాకు గుర్తే రాలేదు.

సోమవారం వేకువన ఎస్తేరు అన్నం సంచి కట్టుకుని సైకిలు వాకిట్లోకి దించింది. నేనూ తిరుగు ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాను, తొలి బస్సుకు. తను దీపం మీట నొక్కింది. నిప్పురవ్వ కొనలాంటి వెలుగు కనిపించి, అదీ పోయింది.

ఏళ్లుగా ఆదివారం బడిలో పిల్లలకు బైబిల్లోని పదిమంది కన్యకల దీపాల ఉపమానం చెబుతున్నదాన్ని. దీపాలు ఆరిపోతుంటే పోసుకోవడానికి వేరే నూనె తెచ్చుకోని ఆ ఐదుగురిని పిల్లల చేత బుద్ధిలేనివాళ్లనిపించినదాన్ని. ఉత్త చేతులతో వాకిట్లో నిలబడ్డాను. కొట్టు తెరవడానికి ఇంకా చాలా పొద్దుంది.

యోహాను మెల్లగా అన్నాడు. "ఎస్తేరూ, దేవుడే వద్దంటాండాడేమో. ఈ పొద్దుకు నిలిచిపో."

"ఈ పొద్దు నిలిస్తే ఇంక పోయేదే లేదు" అంది ఎస్తేరు. సైకిలు హ్యాండిలు మాత్రం వదల్లేదు.

అప్పుడు దానమ్మ లోపలినుంచి వచ్చింది. చేతిలో టీవీ రిమోటు. వెనుక మూత ఊడదీసి సెల్లులు రెండూ అరచేతిలోకి రాల్చుకుంది. సైకిలు వెనుక గొంతుకూర్చుని దీపం మూత గోటితో లాగింది.

"ఏ పక్కకు పెట్టాల? సూపించమ్మా" అంది నాతో. చూపించాను. తనే పెట్టి, మూత నొక్కింది. ఎర్రవెలుగు ఆమె ముఖమంతా పడింది. ఆ వెలుగులోనే, తల ఎత్తకుండా అంది. "ఆ పొద్దు చార్జరు పిన్ను పీకింది నేనే. పాటకు కరెంటు కావాలని పీకినా. మల్లా పెట్టేది మరిసినా. నా బిడ్డను నేనే కాలవలో తోసినట్ల ఉండాది. అందుకే పోవద్దంటి."

ఎస్తేరు వంగి ఆమె భుజం మీద చెయ్యేసింది. "నాకు తెలుసత్తా. నేను నీ పక్కనే ఉంటి కదా."

"తెలిసీ యాల అడగలా?"

"నేనూ పాటలో పడి మరిసినా. ఇద్దరమూ ఒకే పాట పాడితిమి కదత్తా."

దానమ్మ ముక్కు చీది లేచింది. యోహాను నా వైపు చూసి, "ఇంక టీవీ ఎట్ల మార్చేది?" అన్నాడు.

"లేసిపోయి బటను నొక్కు. కాళ్లు ఇరగవులే" అందామె. రెండు నెలల తరువాత ఆ గొంతు అంత గట్టిగా వినిపించిందట. ఎస్తేరు నవ్వుతూ సైకిలెక్కింది.

ఐదున్నర బస్సులో ముందు సీటు దొరికింది. ఊరు దాటాక రోడ్డంతా ఇంకా చీకటి. కాలువ వంపు దగ్గరికి వస్తుండగా దూరాన ఒక ఎర్రచుక్క మిణుకుమంది. "ముందర సైకిలప్పా" అన్నాడు కండక్టరు. "కనబడతాండాదిలే" అని డ్రైవరు వేగం తగ్గించి, రోడ్డుకు ఆ కొసదాకా జరిగి దాటించాడు. కిటికీలోంచి చెయ్యూపాను. బస్సు వెలుగులో చూస్తే, నాగరత్నమ్మ కనకాంబరాలు వాడినా ఎస్తేరు జడలోనే ఉన్నాయి. తను నన్ను చూడలేదు. దారినే చూస్తోంది. అదే మంచిది.

వి.కోటలో బస్సు ఆగినప్పుడు చాయ్ కొట్టు ముందు సెల్లుల అట్ట వేలాడుతూ కనిపించింది. ఒక జత కొని సంచిలో వేసుకున్నాను, ఎవరికి అక్కర పడుతుందో. ఉపమానంలోని నూనె ఒకరిది ఇంకొకరికి చాలలేదు. మా దీపానికి మాత్రం పక్కింటి గడప నుంచైనా, అత్త చేతి నుంచైనా వెలుగు తెచ్చుకునే వీలుంది. ఆ వీలు ఇచ్చినవాడికీ, అడగకుండానే ఇచ్చిన చేతికీ దారిపొడవునా స్తుతులు చెల్లించుకున్నాను.

పలమనేరు చేరేసరికి బాగా తెల్లవారింది. ఫోను మోగింది. వెనుక క్యాన్ల మోత, మనుషుల అరుపులు.

"ఎప్పుడో వచ్చి సేరినానక్కా, ఇప్పటికి తీరింది" అంది ఎస్తేరు. "లైటు ఆర్పేసినా. మా అత్తకు సెప్పేసినా, ఆర్పినానని."