కన్యకమ్మ మడి

ఆత్మకూరులో కిరాణా కొట్టు నడిపే కన్యకమ్మ మడి చూసి బంధువులు చాటుగా నవ్వుకునేవాళ్లు. పురిటి మైల తీరేదాకా ఆమె పెద్ద మనవరాలిని కూడా ముట్టుకోలేదు.

2007 ఎండాకాలంలో కోడలు రమ్యశ్రీకి నెలలు నిండకుండానే కాన్పయింది. కర్నూలు ఆసుపత్రిలో పిడికెడంత మగబిడ్డ పుట్టాడు. తల్లికేమో ఒళ్లు కాలిపోయే జ్వరం.

"బిడ్డ ఒళ్లు చల్లబడితే కష్టమమ్మా. ఇంట్లోవాళ్లెవరైనా గుండెలకు హత్తుకొని ఉండాల" అంది నర్సు.

"మైల కదత్తా, మీరెట్ల ముట్టుకుంటారు?" రమ్యశ్రీ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మైల నీళ్లు పోసుకుంటే పోతాది. వాడు పోతే వస్తాడా?"

కన్యకమ్మ స్నానం చేసి వచ్చి, బిడ్డను రొమ్మున చేర్చుకొని కొంగు చుట్టుకుంది. ఇక ఆమె మడంతా బిడ్డ చుట్టూ కాపలా కాసింది. రాయచోటి నుంచి వచ్చిన తమ్ముడు రామకోటయ్య బస్సు దిగినవాడు దిగినట్టే బిడ్డ బుగ్గ గిల్లబోయాడు.

"ఏమప్పా, యాడికి? సబ్బుతో చేతులు కడుక్కోపో!"

"నేను నీ తమ్ముణ్ణక్కా!"

"తమ్ముడైతే బస్సు మురికి అంటదా?"

జ్వరం తగ్గి రమ్యశ్రీ లేచేసరికి బిడ్డ కాస్త ఒళ్లు చేశాడు. ఇక భయం లేదని డాక్టరు చెప్పాడు. ఆమె ఆశగా చేతులు చాచింది.

"ఇప్పుడన్నా ఇయ్యండత్తా!"

కన్యకమ్మ బిడ్డను కొంగులోంచి తీయబోయి ఆగింది.

"చేతులు కడుక్కున్న్యావా?"