భూస్వామిని కానని చెప్పుకున్న మనిషి

నేను కోడలిగా తామరవలసలో అడుగుపెట్టేనాటికి మా మావగారు గురుగుబిల్లి జగన్నాధం గారిని పెద్దవాళ్ళు జగన్నాధం నాయుడు అనేవారు, మిగిలిన ఊరంతా పేపరు నాయుడు అనేది. ఆయనకు ఏడెకరాల భూమి. అందులో సగం కంటే తక్కువ పల్లం, అక్కడ వరి. మిగిలిందంతా మెట్ట, మేం చోళ్ళనే రాగులు, గోగు, వాన దయతలిస్తే వేరుశనగ. అరవై దగ్గర పడుతున్నా నాగలి తనే పట్టేవారు.

శ్రీకాకుళం నుంచి చిలకపాలెం వైపు వెళ్ళే మధ్యాహ్నం బస్సులో ‘తూర్పువాణి’ వచ్చేది. విశాఖపట్నంలో అచ్చయ్యే దినపత్రిక. మావయ్య అన్నం తిని, అరుగు మీద గోనె పరుచుకుని, దాన్ని పైకి చదివేవారు. వినడానికి నలుగురైదుగురు చేరేవారు. చదివేది తక్కువ, పత్రికతో దెబ్బలాడేది ఎక్కువ.

ఆయన నక్షత్రం గుర్తు పార్టీ మనిషి. అరవై ఏడు ఎన్నికల్లో ఎండలో ఊరూరా తిరిగి ఓట్లడిగారు. మన మడిలో ఏం పండించాలో ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు చెప్పకూడదని, సర్కారు చేయి పెట్టిన పని బాగుపడదని, తాతలు పెట్టుకున్న కట్టుబాటు తీసేసే ముందు అది ఎందుకు పెట్టారో ఒక్కసారైనా అడగాలని ఆయన గట్టి నమ్మకం. ఆ మాటలు పత్రికలో ఎప్పుడూ కనిపించేవి కావు. కనిపించినా ‘అభివృద్ధి నిరోధకులు’ అన్న ముద్రతోనే కనిపించేవి.

“సూడండర్రా,” అనేవారు కాగితం మీద వేలితో కొట్టి. “మంత్రిగోరు రిబ్బను కత్తిరిస్తే బొమ్మేసినాడు. రైతులు కలక్టరాఫీసు ముందు కూకుంటే మూల నొక్కీసినాడు. ఇది వార్తేటి, ఈడి అబిప్రాయమేటి? రెండూ ఒక గుడ్డలో మూట కట్టీసి అమ్ముతన్నాడు.”

“అంత కోపమొచ్చినోడివి కొనడమెందుకయ్యా?” అనేది లోపలి నుంచి మా అత్తగారు తవిటమ్మ.

“తిట్టడానికైనా సదవాలి గదే!”

అలా ఎన్నేళ్ళు తిట్టుకునేవారో గానీ, ఒకరోజు ఆ పత్రిక ఆయన ఇంటి మీదికే వచ్చింది.

అరవై ఎనిమిది చివర్లో సంగతి. వెన్ను పాలుపోసుకునే వేళ ముసురు పట్టి మా వైపు పంట తాలుపోయింది. సర్కారుకు తప్పనిసరిగా అమ్మాల్సిన లెవీ ధాన్యానికి వచ్చిన రెవెన్యూవాళ్ళు మాత్రం పండిన గింజ చూడలేదు, కాగితంలో ఉన్న ఎకరాలు చూశారు. మా పెరట్లో గడ్డితాడుతో చుట్టిన ధాన్యపు పురులు రెండు. ఒకటి తిండికి, ఒకటి విత్తనానికి. ముట్టుకోకూడదని రెండింటి మీదా ముద్ర వేసి వెళ్ళారు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటా అదే వరస.

దానిమీద ఎచ్చెర్లలో ఒక మామిడితోటలో రైతులు సభ పెట్టుకున్నారు. పట్టపగలు. పందిరి వేశారు, మైకు పెట్టారు. మాట్లాడగలిగినవాడు కదా అని మావయ్యను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ పనిచేస్తున్న అసిరయ్య బండి కట్టి తీసుకెళ్ళాడు. వెళ్ళినవాడు బండి దగ్గర కూర్చోకుండా మైకు అడిగి పుచ్చుకుని తనూ మాట్లాడాడట.

“రైతు పురిలో గింజుంటేనే మా సట్టి పొయ్యెక్కుతాది. ఉన్న గింజంతా లారీ ఎక్కించీసి, రేసను కొట్టుకాడికెళ్ళి నిలబడమంటన్నారు. నిలబడతాం. అక్కడేటి ఉన్నాది, మూసిన తలుపు తప్ప?”

సభంతా చప్పట్లు కొట్టింది. విత్తనపు గింజ వదిలేయాలని, పండిన దాన్ని బట్టే లెవీ తీసుకోవాలని తీర్మానం చేశారు. మావయ్య ఆ సాయంత్రం ఇంటికొచ్చి, “మన అసిరడు నాకంటే బాగా మాట్లాడినాడు,” అని ఒకటే మురిసిపోయారు.

రెండు మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం పేపరొచ్చింది. నేను గుమ్మంలో బియ్యం చెరుగుతున్నాను. అరుగు మీద మావయ్య ఎప్పటిలాగే గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

“ఎచ్చెర్లలో భూస్వాముల రహస్య సమావేశం. ధాన్యం దాచేందుకు పన్నాగం. తామరవలస భూస్వామి...” అని ఆగిపోయారు.

“ఏటి బాబూ, ఆగిపోనారు?” అన్నాడు అసిరయ్య.

మావయ్య ఆ ముక్క మళ్ళీ మొదటి నుంచి చదివారు. “తామరవలస భూస్వామి జగన్నాధం నాయకత్వం వహించారు. కూలీలను బెదిరించి సభకు తరలించినట్లు తెలిసింది.”

అసిరయ్య లేచి నిలబడ్డాడు. “నన్నెవుడు బెదిరించినాడు? బండి నానే కట్టినాను గదా! నాను మాట్లాడిన ముక్క ఎక్కడుంది, సదవండి.”

“నువ్వు లేవురా ఇందులో. నువ్వుంటే ఆడి కత అతకదు.” మావయ్య కాగితం మడిచేశారు. “‘తెలిసింది’ అంట. ఎవుడికి తెలిసింది? ఎవుడు సెప్పినాడు? ఆ ముక్కొకటి తగిలిస్తే సాలు, ఏదైనా రాసీవచ్చు.”

మరోకాలమైతే నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకునేవారు. ఆ శీతాకాలం అలాంటిది కాదు. ఏజెన్సీ కొండల్లో భూస్వాముల ఇళ్ళమీద ఎర్రజెండా దళాల దాడులు మొదలయ్యాయి. సోంపేట నుంచి పార్వతీపురం దాకా అదే మాట. ఏ ఇంటి గోడ మీద ఏ పేరు రాస్తారో తెలియదు. అలాంటప్పుడు ఒక మనిషి పేరు, ఊరు రాసి పక్కన భూస్వామి అని అచ్చువేస్తే దానర్థం ఏమిటో ఊళ్ళో చదువురానివాళ్ళకు కూడా తెలుసు.

అత్తయ్య అన్నం మానేసింది. శ్రీకూర్మం స్వామికి మొక్కుకుంది. మర్నాడు ఇద్దరు పోలీసులు వచ్చి, రక్షణకు పంపారని చెప్పి అరుగు మీద తుపాకులు పెట్టుకుని కూర్చున్నారు. రోజూ వచ్చేవాళ్ళు ఆ అరుగు మెట్టెక్కడం మానేశారు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఇటు చూడకుండా వెళ్ళడం మొదలుపెట్టారు.

“ఇల్లు గలవాడు భూస్వామి కాపోయినా మిమ్మల్ని సూస్తే అవుతాడు,” అని మావయ్య ఆ పోలీసులకు దండం పెట్టి పంపేశారు.

అప్పుడు శ్రీకాకుళం వెళ్ళి ఆ వార్త రాసిన విలేకరి ఎల్లాజీని పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళవాడు, మనిషి చెడ్డవాడు కాదు, టీ తెప్పించాడు. తను సభకే రాలేదని ఒప్పుకున్నాడు. తాలూకాఫీసులో ఎవరో చెప్పింది విని పంపాడట.

“రైతుల సభ జరిగిందని పంపితే వెయ్యరు మావా. విశాఖపట్నం ఆఫీసులో మార్చీసినారు. భూస్వాములంటేనే వేస్తారు. మరి నా ఉద్యోగం?”

“నీ ఉద్యోగానికి నా తలకాయ కావాలేటిరా?” అని మావయ్య టీ ముట్టుకోకుండా వచ్చేశారు.

తర్వాత విశాఖపట్నం. ఇస్త్రీ పంచె కట్టుకుని, కండువా వేసుకుని, పట్టా కాగితాలు సంచీలో పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కారు. అక్కడ ఆఫీసులో చాలాసేపు కూర్చోబెట్టాక సంపాదకుడు లోపలికి పిలిచాడు. మర్యాదగానే మాట్లాడాడట. ఆ మర్యాదే మావయ్యకు మంటెత్తించింది. తిరిగొచ్చి ఆ సంభాషణంతా మాకు అతని గొంతుతో, తన గొంతుతో చెప్పారు.

“ఏడెకరాలున్నవాడిని భూస్వామి అనడంలో తప్పేముందండీ? భూమికి స్వామి అనేగా అర్థం?” అన్నాడట అతను.

“అయితే మీకు మేడ ఉన్నాది గదా, మిమ్మల్ని మేడస్వామి అని రాయమంటారా? ఆ మాటతో కొండల్లో మనుషుల్ని సంపుతన్నారు బాబూ.”

“మీ బాధ నేను అర్థం చేసుకోగలను. కానీ మేము ఒక్క వ్యక్తిని చూడం. దేశం ఎటు పోతోందో చూస్తాం.”

“దేశం ఎటైనా పోనీండి. ఎచ్చెర్ల తోటలో మైకు ఉన్నాదా లేదా? మైకు పెట్టుకుని రగస్యం ఎవుడైనా మాట్లాడతాడా? అదొక్కటీ రాయండి సాలు.”

అతను నవ్వి, సవరణ వేస్తామని మాటిచ్చాడట. మావయ్య ఆ మాట నమ్మారు. రోజూ బస్సు వేళకు మలుపు దగ్గరకు తనే వెళ్ళి, నిలబడే పత్రికంతా తిరగేసేవారు. సంక్రాంతి వెళ్ళింది. రథసప్తమి వెళ్ళింది. చివరికి ఒకరోజు లోపలి పేజీలో, దగ్గుమందు ప్రకటన కింద, ఒకే ఒక్క వాక్యం కనిపించింది.

‘తామరవలస భూస్వామి జగన్నాధం తాను భూస్వామిని కానని చెప్పుకుంటున్నారు.’

ఆయన ఇంటికొచ్చి, కాగితం నా చేతికిచ్చి, “సదువమ్మా, నాకేటైనా తప్పు కనబడతందేమో,” అన్నారు. నేను చదివాను. తప్పేమీ లేదు. మొదట తగిలించిన ఆ ‘భూస్వామి’ తప్ప ప్రతి మాటా నిజమే. అంతకంటే అన్యాయంగా రాయడం ఎవరికీ చేతకాదు. నాకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. మావయ్య ఆ కాగితం మళ్ళీ పుచ్చుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఆయనకు కడుపు మండిపోయింది. తన పక్షం మాటలు రాస్తుందని ఆయన మెచ్చుకునే వారపత్రిక ఒకటుంది, ‘రైతు నగారా’. దాని మనిషి విని తనే వెతుక్కుంటూ వచ్చాడు. ఖద్దరు సంచీ, మెత్తని మాట. మావయ్య జరిగిందంతా చెప్పారు. అసిరయ్య మంచితనం గురించి కూడా చెప్పారు. మాటల్లో మాటగా, అసిరయ్య పెళ్ళాం దాలమ్మ కన్నవారిది పార్వతీపురం కొండల దాపున అని, అక్కడి గొడవల కబుర్లు తనకు వాళ్ళ ద్వారానే తెలుస్తుంటాయని అన్నారు.

ఆ వారం ‘రైతు నగారా’ మొదటి పేజీలోనే వేసింది. తామరవలసలో ఎర్రమూకల నీడ. రైతు నాయకుడు జగన్నాధం ప్రాణానికి గండం. కొండల్లో బంధుత్వాలున్న పాలేరు మీదే ఇంటిల్లిపాదికీ అనుమానం.

ఆ పత్రిక మా చేతికి వచ్చేసరికే పోలీసులు అసిరయ్యను కళ్ళంలోంచి జీపెక్కించుకుపోయారు.

దాలమ్మ వచ్చి మా వాకిట్లో దుమ్మెత్తి పోసింది. “మీ అన్నం తిన్నాం. మీ బండి కట్టినాం. ఇదేటి బాబూ, మామీద అనుమానమేటి మీకు?”

“నాను అనలేదే దాలమ్మా! నీ కొడుకుల మీదొట్టు, నాను ఆ మాటే అనలేదు!”

“అచ్చేసి ఉన్నాదంట గదా. పేపర్లో ఉన్నాది నిజమనే గదా మీరు రోజూ సదివి సెప్పినారు?”

నిజానికి ‘తూర్పువాణి’ రాసేది అబద్ధమనే ఆయన ఎప్పుడూ చెప్పేవారు. ఆ మాట అనబోయి ఆపుకున్నారు. ‘రైతు నగారా’ గురించి అలా ఎప్పుడూ అనలేదని అప్పుడే తట్టినట్టుంది.

స్టేషనుకు వెళ్ళారు. అక్కడి ఇనస్పెక్టరు ఎదుట బల్ల మీద రెండు పత్రికలూ ఉన్నాయి. మావయ్య చెప్పిందంతా విని, “మీరే భయపడుతున్నారని ఇందులో ఉంది. మీరే భయం లేదంటున్నారు. మేము దేన్ని నమ్మాలి?” అన్నాడు.

“ఎదురుగా నిలబడ్డ మనిషిని నమ్మండి!” అని మావయ్య అరిచారట. ఆయన జీవితంలో ఒక అధికారి మీద అరవడం అదే మొదలు. బయటికి నెట్టేశారు. మళ్ళీ వెళ్ళారు. ఊరి పెద్దల్ని తీసుకెళ్ళారు. ఓట్లడిగినప్పుడు పరిచయమైన వకీలు కాళ్ళు పట్టుకున్నంత పని చేశారు. చివరికి తను పూచీ పడి సంతకం పెట్టి అసిరయ్యను విడిపించుకొచ్చారు. అసిరయ్య బండి దిగి కుంటుకుంటూ వాళ్ళింటివైపు నడిచాడు. మా ఇంటివైపు చూడలేదు.

ఉగాది దాటాక అసిరయ్య కుటుంబం నౌపడ వెళ్ళిపోయింది, ఉప్పుమళ్ళలో పనికి. మావయ్య రెండు పత్రికలూ మానేశారు. ఏజెంటు ఎంత చెప్పినా వినలేదు. అలాగని ఆయన అభిప్రాయాలేవీ మారలేదు. ఆ వేసవి వెళ్ళాక బ్యాంకుల్ని సర్కారు తీసేసుకుందని ఎవరో వచ్చి చెబితే, “తీసుకుంటాది, దానికి సేతకాని పనులే దానికి కావాలి,” అనే అన్నారు. అయితే ఆ తర్వాత ఏ పత్రిక ఏం రాసిందని మాత్రం అడగలేదు. మా ఇంటి మీదికి కొండల నుంచి ఎవరూ రాలేదు. మాకు నష్టం చేసిందంతా కాగితాలే.

ఆకుమళ్ళలో నారు పోసే ముందు మావయ్య రైలెక్కి నౌపడ వెళ్ళారు, అసిరయ్యను తీసుకొద్దామని. నేను చోళ్ళపిండి మూట కట్టిచ్చాను. ఉప్పు కుప్పల మధ్య అసిరయ్య కనిపించాడట. పాదాలు పగిలిపోయి ఉన్నాయి. మావయ్యను చూసి పారిపోలేదు. కొట్టుకు తీసుకెళ్ళి టీ ఇప్పించాడు.

“రారా అసిరా. నువ్వు లేకపోతే మడి నడవదు.”

“రాలేను బాబూ. మీమీద కోపం లేదు. మీరు అనలేదని నాకు తెలుసు.”

“మరేటి?”

“ఇక్కడ నా పేరు ఎవులికీ తెలీదు. కొండోళ్ళని లేదు, రైతులని లేదు, ఉప్పు మోసేవోడినంతే. పాణానికి సుకంగున్నాది.”

ఆ సాయంత్రం మావయ్య ఒక్కరే తిరిగి వచ్చారు. చోళ్ళపిండి తీసుకున్నాడా అని అత్తయ్య అడిగితే, తీసుకున్నాడని తలూపారు. మర్నాడు చిలకపాలెం నుంచి కొత్త కూలీలను మాట్లాడుకుని దుక్కికి దిగారు. వాళ్ళకు మా గట్లు తెలియవు. ప్రతి మలుపు దగ్గరా నాగలి ఎటు తిప్పాలో ఆయన గొంతెత్తి అరుస్తూనే ఉన్నారు, చీకటి పడేదాకా.