ముందుకే పోయే పెళ్లికారు

సిద్దిపేట బజారులో ఇప్పుడు మనిషి నడవడానికే జాగా లేదు గానీ, నా కుర్రతనంలో అక్కడ ఎడ్లబండ్లదే రాజ్యం. కారు కనబడితే దుకాణాలవాళ్లు బేరం వదిలేసి మరీ చూసేవారు. అలాంటి కాలంలో మా మేనమామ ఒక పాత నల్లకారు కొని, కోమటిచెరువు పక్క మైదానంలో గుండ్రంగా తిప్పుతూ నాకు నడపడం నేర్పాడు. (గుండ్రంగా తిరిగేవాడికి వెనక్కి పోయే పనేముంటుంది? ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.)

పెళ్లికొడుకును విడిది నుంచి బావమరిది తీసుకురావడం మా ఇళ్లలో ఆనవాయితీ. అక్క పెళ్లికి కారు నేనే నడుపుతానని మొండికేశాను.

"నీకొస్తదారా?" అన్నాడు బాపు.

"కండ్లు మూసుకొని తెస్త!"

"కండ్లు తెరుసుకొనే తే. ముహూర్తం తప్పిందో, తోలు తీస్త!"

బంతిపూల దండలు, ముందు బ్యాండు, వెనక సీట్లో బాసికం కట్టుకున్న కాబోయే బావ. దర్జాగా బజారు మధ్యకు వచ్చేసరికి ఎదురుగా వడ్ల బస్తాల బండి. రెండు పక్కలా కూరగాయల గంపలు, సైకిళ్లు, రిక్షాలు. ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి.

"తాతా, బండి జర ఎనుకకు తియ్యరాదే!" అన్నాను.

"నా ఎడ్లకు ఎనుకకు నడుసుడు రాదు బిడ్డా. నువ్వే తియ్యి, నీది మిషినే గద!"

"నాకూ రాదు తాతా" అన్నాను.

బజారంతా గొల్లుమంది. బ్యాండువాళ్లు వాయించడం ఆపి నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అక్కడ అక్క ఎదురుచూస్తోంది, ముహూర్తం తరుముకొస్తోంది. గేరు అటూ ఇటూ గుంజితే కారు ముందుకే దూకింది, ఎడ్లు బెదిరి కొమ్ములు విసిరాయి.

"అరె, ఆగు భాయ్!" అంటూ గాజుల దుకాణం చాచా పరుగెత్తుకొచ్చాడు. "ఇంజన్ బంద్ చెయ్. అందరం నూకుదాం, రాండ్రి!"

వెనక తలుపు తెరుచుకుంది. బావ దిగి, బాసికం సర్దుకుని, పట్టుపంచె ఎగగట్టి బానెట్ మీద చేతులు వేశాడు.

"అయ్యో బావా, నువ్వెందుకు?"

"నిన్ను నమ్ముకుంటే నాకీ జన్మల లగ్గం కాదు! స్టీరింగ్ సక్కగ పట్టు!"

బ్యాండు మళ్లీ అందుకుంది. ఆ దెబ్బలకు తగ్గట్టు అందరూ నెడుతుంటే పెళ్లికారు వెనక్కి నడుచుకుంటూ గల్లీ మలుపు చేరింది. బండి తాత మమ్మల్ని దాటుతూ "సల్లంగుండుండ్రి!" అని దీవించాడు. ముహూర్తానికి అందాం గానీ, తలంబ్రాలు పోసేటప్పుడు బావ దుమ్ము చేతులు చూసి అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇన్నేళ్లయినా, వాళ్లింటి నుంచి నేను బయలుదేరేటప్పుడు బావ మోకాళ్లు పట్టుకుంటూ కారు దాకా వస్తాడు. "ఏం బామ్మర్ది, నూకాల్నా?" అని బానెట్ మీద చెయ్యి ఆనిస్తాడు. ఇప్పుడు నాకు వెనక్కి తీయడం బాగానే వచ్చు. అయినా ఆయన చెయ్యి పడేదాకా ఆగి, అప్పుడు మెల్లగా తీస్తాను. తనే నెట్టినట్టు ఆయన ఒకటే నవ్వు.