రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలికింద, రెండోది పక్కన కూర్చుని నేర్పేవాడి కాలికింద. ఆ రెండో బ్రేకు మీదే సగం జీవితం గడిపినవాణ్ణి అందరూ బ్రేకు మాస్టారనే పిలిచేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆయనకే గుర్తుందో లేదో! ఇంట్లో టీవీలో లారీ ఎదురొచ్చినా ఆయన కాలు నేలను తొక్కేది. "గచ్చు అరిగిపోతోందండీ," అని భార్య నవ్వేది.

అలాంటి మనిషి పరీక్షకు ముందురోజు పాఠంలో మాత్రం చెప్పులు విడిచి, కాళ్లు పైకి తీసుకుని సీటులో మఠం వేసుకునేవాడు. "ఇక బండి నీదమ్మా. నన్నో బియ్యం బస్తా అనుకో," అనేవాడు. ఆ కాస్త దూరంలోనే వాళ్లకు నిజంగా డ్రైవింగ్ వచ్చేది. అంతవరకూ వచ్చిందంతా మాస్టారి కాలి పుణ్యమే.

కుట్టుపని ఆవిడకూ అలాగే చేశాడు. తను కుట్టిన బట్టలు దుకాణాలకు చేరవేయడానికి ఆవిడ ఒక పాత వ్యాను కొనడానికి బేరం మాట్లాడుకుంది. లైసెన్సు చేతికొస్తే కిరాయి బళ్లవాళ్లను బతిమాలే పని తప్పుతుంది. ఆ రోజు సందులో చక్కగా, నెమ్మదిగా పోనిస్తోంది. ఇంతలో ఒక గేటులోంచి నీలం కారు అటూ ఇటూ చూడకుండా వెనక్కి దూసుకొచ్చి, స్కూలు కారు ముందుభాగాన్ని నుజ్జు చేసింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

నీలం కారులోంచి దిగిన కాంట్రాక్టరు ముందు చూసింది ఎల్ బోర్డునే. "నేర్చుకునేవాళ్లని రోడ్డు మీదికి వదిలితే ఇంతే!"

"చూడకుండా వెనక్కొచ్చింది మీరు కదండీ," అన్నాడు మాస్టారు.

"బోర్డు ఎవరి కారుకుందయ్యా?"

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది వ్యవహారం. అద్దంలో ఇంత కారు కనబడని మనిషికి అంత చిన్న బోర్డు ఎంత బాగా కనబడిందో!

మర్నాడు నష్టం చూడటానికి ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చాడు. అతను ఫొటోలు తీసుకుంటుండగా స్కూలు ఓనరు మాస్టారిని పక్కకు లాగాడు. చనిపోయిన స్నేహితుడి కొడుకు. బాబాయ్ అనే పిలుస్తాడు.

"బాబాయ్, కాలు బ్రేకు మీదే ఉందని చెప్పు."

"ఉంటే ఎందుకు తొక్కలేదంటాడు."

"అయితే ఆవిడే నీ మాట వినకుండా ఎక్సలేటరు తొక్కేసిందను. తప్పు ఆవిడ మీదికి పోతుంది."

"మరి ఆవిడ లైసెన్సో?"

"మనకెందుకు బాబాయ్? క్లెయిము రాకపోతే రిపేరు నీ జీతంలోంచే పట్టుకోవాలి. తర్వాత నన్ననకు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మాస్టారికి ఒళ్లు మండిపోయింది. గుద్దినవాడి గురించి ఒక్కడూ అడగడేం?

సర్వేయరు అడిగింది ఒకటే. "గుద్దుకున్నప్పుడు మీ కాలెక్కడుంది?"

కారు దెబ్బతినడంతో ఆ రోజు పరీక్ష వాయిదా పడిన కుట్టుపని ఆవిడ తలుపు దగ్గర చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది.

"సీటు మీదుంది. మఠం వేసుకున్నాను," అన్నాడు మాస్టారు. "ఆవిడ తప్పు ఇసుమంత కూడా లేదు. వెనక్కొచ్చి గుద్దింది ఆయన."

సర్వేయరు మొదటి మాట రాసుకుని పెన్ను మూసేశాడు. నేర్పేవాడి అదుపులో లేని బండికి పరిహారం రాదట. కాంట్రాక్టరు ఇన్సూరెన్సువాళ్లూ ఆ మాటే పట్టుకుని చేతులు దులుపుకున్నారు. రిపేరు మాస్టారి జీతం మీద పడింది. ఇకపై కాలు బ్రేకు మీంచి తీస్తే ఉద్యోగం ఉండదని ఓనరు చెప్పేశాడు. ఆ సాయంత్రం అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, మాస్టారు ఇంట్లో కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. కాలే వాచింది.

కుట్టుపని ఆవిడ పరీక్ష పాసయింది. తర్వాత ఒకరోజు స్కూలు బయట వ్యాను ఆపి, "ఎక్కండి మాస్టారూ, ఇంటి దగ్గర దింపుతా," అంది. వెనకంతా బట్టల మూటలు. బండి చక్కగా పోనిస్తోంది. మలుపుల దగ్గర తొందరపడటం లేదు. అయినా మాస్టారి కాలు బ్రేకు లేని చోట వ్యాను నేలను అదిమిపట్టి ఉంది.

ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "కాళ్లు పైన పెట్టుకోండి మాస్టారూ. బండి నాది."

మాస్టారు నవ్వబోయాడు. చెప్పులు విడిచి, కాళ్లు పైకి తీసుకుని మఠం వేసుకున్నాడు. వీధి చివర మలుపు తిరిగేసరికి ఒక కాలు మళ్లీ కిందే ఉంది.